అమెరికాలో ముసుగు అధికారులు సరే, మన దగ్గర రహస్య నిఘా ఎప్పుడైనా ఆగిందా?

హన్మకొండ_తండ్రి
మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. వీసా దరఖాస్తులో గత ఐదేళ్ళుగా వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లన్నీ రాయాలి. ఆ నిబంధన 2019 నుంచీ ఉన్నదే. 2025 జూన్ నుంచి మాత్రం విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలని కూడా అంటున్నారు. పిల్ల రాత్రంతా మేలుకుని తన పాత రాతలను తుడిచేసింది. వాటిలో ఎక్కువ భాగం బతుకమ్మ ఫోటోలు, క్రికెట్ వాదనలే తప్ప మరేమీ లేవు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు, నేను ఫోన్లో ట్రంప్ పేరు ఎత్తగానే "మామయ్యా, అవి తర్వాత మాట్లాడుకుందాం" అని మాట మారుస్తున్నాడు. ముఖాలకు ముసుగులు కట్టుకుని, ఏ గుర్తూ లేని కార్లలో వచ్చి మనుషులను పట్టుకుపోతున్న ఇమిగ్రేషన్ అధికారుల వీడియోలను రోజూ చూస్తున్నాం. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం అధికారులకు ముసుగులు వద్దంటూ ఏకంగా "నో సీక్రెట్ పోలీస్ యాక్ట్" అన్న పేరుతోనే ఒక చట్టం చేసింది. మొండి పట్టు పట్టే నాయకులు గద్దెనెక్కినప్పుడు రహస్య పోలీసులు తిరిగి వస్తారన్న ఈ భయంలో నిజమెంత, పత్రికలు పెంచి చూపిస్తున్నదెంత? మన దేశంలో కూడా అలా జరిగే వీలుందా? చదువుకున్నవారు, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వడ్డేపల్లి_గట్టు
మన దగ్గర మఫ్టీలో వచ్చేవారికి ముసుగు అవసరం ఎన్నడూ పడలేదు. వచ్చినవారు ఎవరో ఊరంతటికీ తెలిసేది, కాగితం మీద మాత్రం ఎవరూ వచ్చినట్లు ఉండేది కాదు.

కాజీపేట_జంక్షన్
భయాన్ని కొంచెం తూకం వేసుకోవాలి. ఐస్ అన్న ఆ ఇమిగ్రేషన్ సంస్థ నిన్న మొన్న పుట్టింది కాదు, చట్టం ప్రకారమే 2003లో ఏర్పడింది. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను (వారి విద్యార్థి హోదా నమోదై ఉండేది అక్కడే) ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు వారు కోర్టులకు వెళ్ళారు, న్యాయమూర్తులు నిలదీశారు, నెల తిరగకముందే ప్రభుత్వం వాటిని పునరుద్ధరించింది. కోర్టు అడగగలిగినంత కాలం దానిని కఠినమైన పోలీసు వ్యవస్థ అనవచ్చు, అన్యాయమైనదని కూడా అనవచ్చు. రహస్య పోలీసు అనడం మాత్రం ఆ మాట కింద నలిగిపోయినవారిని చిన్నబుచ్చడమే.

గణితం_మాస్టారు
కాజీపేట వారు కోర్టు దగ్గర గీసిన గీత బాగానే ఉంది కానీ, చరిత్రలో రహస్య పోలీసులు ఆ గీత అవతలి నుంచి దూకి రాలేదు. తూర్పు జర్మనీలో 1950లో పుట్టిన స్టాసీకి 1989 నాటికి సుమారు 91,000 మంది జీతగాళ్ళు ఉండేవారు. ఒకటిన్నర కోట్లు దాటిన జనాభాకు అదే పెద్ద సంఖ్య, కానీ వారికి రెట్టింపు సంఖ్యలో జీతం లేని వేగులు ఉండేవారు. పక్కింటివారు, తోటి ఉపాధ్యాయులు, కొన్ని చోట్ల కట్టుకున్న భర్త కూడా. అంతకు ముందటి, హిట్లర్ కాలపు గెస్టపో కథ ఇంకా విచిత్రమైనది. యుద్ధంలో కాలిపోకుండా మిగిలిన వుర్ట్స్‌బర్గ్ దస్త్రాలను తిరగేసిన చరిత్రకారులకు, చాలా కేసులు గెస్టపో కనిపెట్టినవి కావనీ, ఇరుగుపొరుగులు అద్దె తగాదాలతోనో అసూయతోనో రాసి పంపిన ఫిర్యాదుల మీద మొదలైనవనీ తేలింది. కాబట్టి ప్రభుత్వం ఎంతమందిని నియమించిందన్నది సగం లెక్క మాత్రమే, మనలో ఎంతమంది ఉచితంగా పని చేయడానికి సిద్ధంగా ఉన్నారన్నది మిగతా సగం.

రష్యాను కూడా చూడండి. సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీని 1991లో రద్దు చేశారు, 1995 నాటికి దాని ప్రధాన భాగం ఎఫ్‌ఎస్‌బీ అయింది, 1998లో ఆ ఎఫ్‌ఎస్‌బీకి అధిపతి అయిన వ్యక్తి డ్రెస్డెన్‌లో పనిచేసిన పాత కేజీబీ అధికారి. ఇప్పుడు ఆయన దేశాధ్యక్షుడు. తిరిగి రావడం అన్న మాటే అక్కడ పొసగదు, ఎందుకంటే వారు బల్లలు, బీరువాలు ఖాళీ చేసి వెళ్ళిన రోజంటూ లేదు.

రిటైర్డ్_హెడ్డు
నేను జిల్లా స్పెషల్ బ్రాంచిలో చాలా కాలం పనిచేసి దిగిపోయినవాడిని. మాస్టారు జర్మనీ లెక్కలు చెప్పారు, నేను మా లెక్క చెబుతాను. మా పనిలో నూటికి తొంభై పాళ్ళు ఏ సభలో ఎవరు మాట్లాడారు, ఎంతమంది వచ్చారు, రేపు ధర్నా ఎక్కడ అన్న మూడు ముక్కలు రాసి పైకి పంపడమే. ఒకసారి హన్మకొండలో ఒక ఉద్యోగ సంఘం సభలో వెనుక వరుసలో కూర్చుని రాసుకుంటుంటే, సభ అయ్యాక వారి కార్యదర్శి వచ్చి, తమ మినిట్స్ పుస్తకం రాసేవాడు రాలేదనీ, నా కాగితం ఒకసారి ఇస్తే నకలు తీసుకుంటామనీ అడిగాడు. ఇచ్చాను కూడా. రహస్య పోలీసు అంటే ఇదా? 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు నిఘా ఎందుకు విఫలమైందని అడిగినవారే నిఘా పెడితే ఎందుకు పెట్టారని అడుగుతారు. రెండూ ఒకే నోటితో అడిగితే ఎలా?

నర్సంపేట_పీజీ
రెండూ అడగవచ్చు సార్. బాంబు పెట్టేవాడి మీద నిఘా ఎందుకు లేదన్నది ఒక ప్రశ్న, ఉద్యోగ సంఘం సభలో మీరు ఎందుకు కూర్చున్నారన్నది మరొకటి. (మినిట్స్ సంగతి మాత్రం మా హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను.)

ములుగు_అడవిదారి
హెడ్డుగారు చెప్పిన తొంభై పాళ్ళ గురించి నాకు తగాదా లేదు, మిగిలిన పది పాళ్ళు మా వైపు జరిగాయి. మా నాన్నగారికి ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది. పగలు ఠాణా నుంచి వచ్చినవారు బియ్యం, బీడీ కట్టలు మామూలుకన్నా ఎక్కువగా ఎవరు కొన్నారని అడిగేవారు. రాత్రి నక్సలైట్ల దళం వస్తే, పగలు వచ్చినవారితో ఏం మాట్లాడావని వారు అడిగేవారు. ఒకరికి చెప్పిన జవాబు రెండో వారికి తెలిసిపోయేది, ఎలా తెలిసేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. అన్నలకు అన్నం పెట్టాడన్న పేరు పడితే ఠాణాలో దెబ్బలు, ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడితే ఊరి బయట శవం, దాని పక్కన ఒక కరపత్రం. ఆ కరపత్రాల్లో పేరున్న వారిలో నిజంగా పోలీసులకు చెప్పినవారు ఎందరో, భూమి తగాదాలో పగవాడు పేరు ఇస్తే పోయినవారు ఎందరో ఈనాటికీ తేలదు. మాస్టారు చెప్పిన గెస్టపో ఫిర్యాదులను చదువుతుంటే మా ఊరే కళ్ళ ముందు కదిలింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ రోజుల్లో జనం భయపడింది యూనిఫాం వేసుకున్న ఎస్‌ఐకి కాదు, ఆయన పేరు, ఠాణా అందరికీ తెలుసు. భయమంతా చిరునామా లేనివారంటేనే. గ్రీన్ టైగర్స్ వంటి పేర్లతో ఫోన్లు వచ్చేవి. పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను 2000 నవంబరులో హైదరాబాద్‌లో, ఆజం అలీని 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో నరికి చంపినప్పుడు బాధ్యత తీసుకున్నది అటువంటి పేరే. ఆ ముఠాల వెనుక పోలీసులు ఉన్నారని హక్కుల సంఘాలు అన్నాయి, పోలీసులు కాదన్నారు. ఆ పేరు పెట్టుకున్నవారు ఎవరి మనుషులో ప్రజల ముందు మాత్రం రుజువు కాలేదు. అమెరికాలో ముసుగు వద్దని చట్టం చేస్తున్నారంటే, అది నాకు వింతగా తోచలేదు.

కాజీపేట_జంక్షన్
ములుగు వారి అనుభవాన్ని కాదనలేను. అయితే అది సాయుధ పోరు నడిచిన ప్రాంతం, ఆ కాలం. దానిని ఈనాటి నాయకుల మీద భయానికి తెచ్చి అతికించడం సరి కాదేమో.

కోర్టు_గుమాస్తా
అతికించనవసరం లేకుండానే అతుకుతుంది, ఎందుకంటే ఆ కాలంలో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న ప్రత్యేక నిఘా విభాగం పేరే తెలంగాణలో 2024 మార్చిలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులోనూ ఉంది. రాజకీయ నాయకుల, వ్యాపారుల, విలేకరుల ఫోన్లు విన్నారన్నది, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు 2023 డిసెంబరు 4న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అక్కడి ఆరోపణలు. కేసు తేలవలసి ఉంది కాబట్టి ఎవరు దోషి అన్నది వదిలేసి, చట్టం ఏం చెబుతుందో మాత్రం రాస్తాను.

ఫోన్ వినే అధికారం బ్రిటిషువారి 1885 టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ నుంచి వచ్చింది. 1996 డిసెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇది గోప్యతకు సంబంధించినదనీ, ఇష్టం వచ్చినట్లు వినడానికి లేదనీ చెప్పి కొన్ని నిబంధనలు పెట్టింది. 2007లో అవి 419ఎ నియమంగా వచ్చాయి, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం తరువాత 2024 డిసెంబరులో కొత్త నియమాలుగా మారాయి. సారాంశం పెద్దగా మారలేదు. రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు, అది 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తూ 180 రోజుల దాకా పోవచ్చు. ఆ ఉత్తర్వులను సమీక్షించే కమిటీకి ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు, మిగతా సభ్యులు కూడా కార్యదర్శులే. న్యాయమూర్తి లేరు, ప్రతిపక్ష సభ్యుడు లేరు, ఎవరి ఫోన్ విన్నారో ఆ మనిషికి ఎన్నటికీ చెప్పవలసిన పని లేదు. పైగా అవసరం తీరిన రికార్డులను ఆరు నెలలకు ఒకసారి ధ్వంసం చేయాలని నియమాలే చెబుతాయి. గోప్యత కాపాడడానికి పెట్టిన నియమమే అది, కానీ అన్యాయంగా విన్నవారికీ అంతే చక్కగా ఉపయోగపడుతుంది.

వడ్డేపల్లి_గట్టు
అంటే తాళం వేసేవారు, తాళం తీసేవారు, తాళం సరిగ్గా ఉందా అని చూసేవారు ముగ్గురూ ఒకే ఇంటి అన్నదమ్ములన్నమాట.

జమ్మికుంట_పత్తి
ఇదంతా పాత ప్రభుత్వం మీద బురద చల్లే కార్యక్రమం. ఇప్పుడు ఉన్నవారు వినడం లేదని ఎవరు హామీ ఇస్తారు? కేంద్రంలో, ఫోన్లలోకి చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ మాటేమిటి?

కోర్టు_గుమాస్తా
జమ్మికుంట వారు తిట్టడానికి వచ్చి నా వాదనే బలపరిచారు, ధన్యవాదాలు. పెగాసస్ మీద సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో జస్టిస్ రవీంద్రన్ పర్యవేక్షణలో కమిటీ వేసింది. 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింటిలో ఏదో మాల్‌వేర్ కనబడింది, అది పెగాసస్ అని తేల్చలేకపోయారు. కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్లు 2022 ఆగస్టులో కోర్టే వెల్లడించింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా యంత్రం అదే, తాళాలు అవే. కేంద్రంలోని ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నుంచి లెక్క పెట్టుకుంటుంది, కానీ దాని అధికారాలు ఇంతవరకు అని గిరి గీసే చట్టం పార్లమెంటు ఈనాటికీ చేయలేదు.

భద్రకాళి_బండ్
మారింది చట్టం కాదు, సిగ్గు. 1988లో ఫోన్ ట్యాపింగ్ ఆరోపణ వస్తే కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1991 మార్చిలో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్ళు కాపు కాశారన్న గొడవ మీద ప్రధాని చంద్రశేఖర్ ప్రభుత్వమే పోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు! ఇప్పుడు అటువంటి ఆరోపణ వస్తే "మీరు వినలేదా" అన్న ఎదురు ప్రశ్నతో టీవీ చర్చ ముగుస్తుంది.

కాజీపేట_జంక్షన్
ఆ రాజీనామాల వెనుక సిగ్గుకన్నా సీట్ల లెక్కలే ఎక్కువ. మద్దతు ఉపసంహరించడానికి కాంగ్రెస్‌కు ఒక సాకు కావలసి వచ్చింది, కానిస్టేబుళ్ళు దొరికారు. అయినా సరే, నా మాట ఒక్కటే. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి లక్షమందికి పైగా జైళ్ళలో వేసినవారిని 1977 మార్చిలో ఓటరు ఇంటికి పంపాడు. తూర్పు జర్మనీ ఓటరుకు ఆ వీలు లేదు. ఆ తేడాను చిన్నదిగా చూడకూడదు.

గణితం_మాస్టారు
తేడా చిన్నది కాదని ఒప్పుకుంటూనే, ఓటు ఏది ఆపలేదో కూడా చెప్పుకోవాలి. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో మన వరంగల్ ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ విద్యార్థి సూరపనేని జనార్దన్‌తో సహా నలుగురు యువకులు చనిపోయారు. 1977లో మాజీ న్యాయమూర్తి తార్కుండే నడిపిన పౌర కమిటీ విచారించి, అవి ఎదురుకాల్పులు కావనీ, పట్టుకున్నాక కాల్చారనీ తేల్చింది. అది ఎమర్జెన్సీ నాటి సంగతి అనుకుందాం. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథంను తన క్లినిక్‌లోనే కాల్చి చంపిన నాటికి ఎమర్జెన్సీ లేదు, ఎన్నికైన ప్రభుత్వం, అదీ జనం పోటెత్తి గెలిపించిన ప్రభుత్వం ఉంది. 1991 డిసెంబరులో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని చంపిన నాటికీ అంతే. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్‌ను 1989లో ఎత్తుకుపోయిన ముఠా తనకు తాను ప్రజాబంధు అని పేరు పెట్టుకుంది. ఇవన్నీ ఎన్నికల మధ్య జరిగాయి. ప్రభుత్వాలు మారాయి, ఆ కేసుల్లో శిక్షలు మాత్రం చూడలేదు.

రిటైర్డ్_హెడ్డు
మాస్టారు ఒక రోజు ముందు నుంచి మొదలుపెట్టి ఉంటే బాగుండేది. సెప్టెంబరు 2న ఎస్‌ఐ యాదగిరి రెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. మర్నాటి సంఘటన ఆయన అంతిమయాత్ర నాడు జరిగింది. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని నిలబెట్టిన పోలీసు అధికారి వ్యాస్ గారిని 1993 జనవరిలో హైదరాబాద్‌లో, వ్యాయామానికి వెళ్ళిన చోట చంపారు. మా వాళ్ళ ఇళ్ళలోనూ ఫోటోలకు దండలు ఉన్నాయి. డాక్టరు గారిని చంపడం న్యాయమని నేను అనను, ఆనాడూ అనలేదు. కానీ కథ సగం నుంచి చెబితే కుర్రవాళ్ళకు సగమే తెలుస్తుంది.

గణితం_మాస్టారు
మీరు చేర్చింది చేర్చవలసిందే. అయితే ఎస్‌ఐని చంపినవారు చట్టం బయట ఉన్నామని తామే ప్రకటించుకున్నవారు. డాక్టరును చంపినవారు ఎవరో చట్టం చెప్పాలి, చెప్పలేదు. నా బాధ అక్కడ.

ములుగు_అడవిదారి
ఇద్దరి మాటలూ మా ఊళ్ళో ఒకే అరుగు మీద వినబడేవి.

నర్సంపేట_పీజీ
పెద్దలందరూ మనుషులు వెంటబడే కాలం గురించి మాట్లాడుతున్నారు. మా తరానికి వెంటబడేవారు అక్కరలేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో మొదలైంది, చౌరస్తాల్లో కెమెరాలు ఉన్నాయి, ముఖ గుర్తింపు మీద హైకోర్టులో వ్యాజ్యమే పడింది. మొన్న రాత్రి లైబ్రరీ నుంచి వస్తుంటే తనిఖీ పేరుతో ఆపి, మా ముగ్గురి ఫోటోలు ఒక పోలీసాయన తన ఫోన్లో తీసుకున్నారు. ఎందుకు అంటే "రొటీన్" అన్నారు. ఆ ఫోటో ఎక్కడికి పోయిందో, ఎన్నాళ్ళు ఉంటుందో అడగడానికి నాకు దారి తెలియదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఉంది కదా అంటే, 17వ సెక్షన్‌లో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఇక మాస్టారు అడిగిన ఉచిత వేగుల మాటకు వస్తే, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మేడ మీది గదికి ఎవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నది ఫోటోలతో సహా వస్తుంది. జీతం ఇచ్చినా అంత శ్రద్ధగా ఎవరూ చేయరు.

డాలస్‌లో_వరంగల్
హన్మకొండ_తండ్రి గారూ, మీ మేనల్లుడి వంటివాడినే కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ మా జీవితాలు ఆగిపోలేదు. ఆఫీసుకు వెళ్తున్నాం, గుడికి వెళ్తున్నాం. కానీ విద్యార్థి హోదా చూపే ఐ-20 పత్రం నకలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం, పాలస్తీనా మీద సభ అంటే ఆ వీధి వైపు పోవడం లేదు, తెలుగు సంఘం గ్రూపులో వలస విధానం మీద ఎవరైనా ఏదైనా రాస్తే అడ్మిన్ గంటలో తీసేస్తున్నాడు. ఎవరూ తీయమనలేదు. కాజీపేట వారు కోర్టులు ఉన్నాయన్నారు, నిజమే. సెవిస్ కేసులో గెలిచినవారు కోర్టు దాకా వెళ్ళే డబ్బు, ధైర్యం ఉన్నవారు. భయపడి టికెట్ కొనుక్కుని ఇంటికి వెళ్ళిపోయినవాడికి కోర్టు ఉన్నా లేకున్నా ఒకటే. కాలిఫోర్నియా ముసుగు చట్టం మీద కూడా ఫెడరల్ ప్రభుత్వం దావా వేసింది, కాబట్టి దానిని నమ్ముకుని ఎవరూ నిశ్చింతగా లేరు.

మీ అమ్మాయికి నా సలహా: ఖాతాల పేర్లు ఒక్కటి కూడా దాచవద్దు, దాస్తే అదే వీసా నిరాకరణకు కారణమవుతుంది. తుడిచిందేదో తుడిచింది, ఇంటర్వ్యూకు ముందు ఇంకా తుడుస్తూ కూర్చోవద్దు. వచ్చాక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నంబరు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకోమనండి.

హన్మకొండ_తండ్రి
చాలా ఉపయోగపడే మాటలు రాశారు, అమ్మాయికి చదివి వినిపించాను. "ఇక్కడ ఫోటో తీస్తే అడగడానికి దారి లేదు, అక్కడ అడగడానికి ధైర్యం లేదు, మరి నేను ఎక్కడ చదవాలి నాన్నా" అంది. జవాబు దొరకలేదు. గుమాస్తా గారూ, అడిగే దారి అన్నది మన దగ్గర నిజంగా ఏమీ లేదా?

కోర్టు_గుమాస్తా
ఇరుకైన దారి ఒకటి ఉంది. ముందుగా ఇతర దేశాల్లో ఏం చేశారో చూద్దాం. తూర్పు జర్మనీ ప్రజలు 1990 జనవరి 15న బెర్లిన్‌లోని స్టాసీ కార్యాలయంలోకి చొరబడి కాగితాలు చించివేయకుండా ఆపారు. 1991లో చట్టం వచ్చి, 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వారు చదువుకునే హక్కు కలిగింది; ఆ దస్త్రాల పొడవు 111 కిలోమీటర్లు. పోలండ్‌లో ప్రభుత్వం మారాక, 2017 నుంచి 2022 వరకు 578 మంది మీద పెగాసస్ వాడారని ప్రాసిక్యూటర్ జనరల్ 2024 ఏప్రిల్‌లో పార్లమెంటుకు లెక్క చెప్పారు. మన దగ్గర ఆ పాటి లెక్క కూడా ఏ ప్రభుత్వమూ సభ ముందు పెట్టలేదు.

సమాచార హక్కు చట్టం 24(4) సెక్షన్ కింద నిఘా విభాగాలను రాష్ట్ర ప్రభుత్వాలు చట్టం పరిధి నుంచి తప్పించవచ్చు. కానీ అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారాన్ని దాచడానికి లేదు. మానవ హక్కుల విషయమైతే రాష్ట్ర సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. పేర్లు అడిగితే తప్పకుండా కాదంటారు. పేర్లు వద్దు, ఫలానా సంవత్సరంలో హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులు ఎన్ని, సమీక్ష కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్నిటిని తప్పుపట్టింది అన్న సంఖ్యలను నిఘా విభాగాన్ని కాకుండా హోంశాఖనే అడగాలి. నర్సంపేట వారి ఫోటో సంగతికి వేరే దరఖాస్తు, పోలీసు కమిషనరేట్ సమాచార అధికారికి పంపాలి.

కాజీపేట_జంక్షన్
దీనికి నా అభ్యంతరం లేదు, సంతకం కూడా పెడతాను. లెక్కలు బయటికి వస్తే భయం అతిశయోక్తో కాదో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

జమ్మికుంట_పత్తి
పాత ప్రభుత్వం, కొత్త ప్రభుత్వం రెండింటి సంవత్సరాలూ అడిగితే నేనూ సంతకం పెడతాను.

వడ్డేపల్లి_గట్టు
దరఖాస్తు లోపలికి వెళ్ళేలోపు దాని కింద ఉన్న మన పేర్లు మాత్రం వేరే కాగితం మీదికి ఎక్కుతాయి.

రిటైర్డ్_హెడ్డు
మా కాలమైతే ఆ కాగితం నేనే రాసేవాణ్ణి, అక్షర దోషాలు లేకుండా. సంతకాల వరుసలో నా పేరు కూడా పెట్టండి, పింఛను ఆపరు.

కోర్టు_గుమాస్తా
2014 నుంచి ఇప్పటిదాకా ఏటేటి లెక్క అడుగుతూ రాస్తాను, జమ్మికుంట వారికి పేచీ ఉండదు. దరఖాస్తు ఒకరి పేరు మీదే వెళ్ళాలి, మిగతావారు అవే ప్రశ్నలతో విడివిడిగా పంపితే మంచిది. రుసుము 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు. ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను. నర్సంపేట వారు ఆపిన తేదీ, వేళ, చౌరస్తా పేరు నాకు విడిగా పంపండి, వేదిక మీద రాయవద్దు.